బొమ్మలో ఒకటి, పొట్లంలో ఒకటి

బజారుకు పోయి చీర కొనేటప్పుడు ఆడవాళ్ళు ఏం చేస్తారు? మడత విప్పిస్తారు. అంచు చూస్తారు. కొంగు చూస్తారు. బట్టను వేళ్ళ మధ్య నలిపి చూస్తారు. వెలుగులోకి తీసుకుపోయి రంగు చూస్తారు. బేరం ఆడతారు. అన్నీ నచ్చితేనే డబ్బు ఇస్తారు.

ఫోనులో కొనేటప్పుడు ఇవేవీ కుదరవు. బట్ట చేతికి తగలదు. మడత విప్పి చూపించేవారు ఉండరు. కనిపించేది బొమ్మ ఒక్కటే. దాని కింద నాలుగు ముక్కల రాత ఉంటుంది. ఆ బొమ్మను, ఆ రాతను నమ్మి డబ్బు కడతారు. సరుకు ఆ తర్వాత నాలుగైదు రోజులకు వస్తుంది.

అందుకే ఫోను కొనుగోలులో బొమ్మకు చాలా విలువ ఉంది. బజారులో దుకాణదారు నోటితో చెప్పే మాట ఎలాంటిదో, ఫోనులో బొమ్మ అలాంటిది. బొమ్మ కూడా మాటే. మాట ఇచ్చినవాడు ఆ మాట మీద నిలబడాలి. నిలబడకపోతే నిలదీసి అడగవచ్చు. అడిగే హక్కు కొన్నవారికి ఉంది. ఆ హక్కు ఏమిటో, దాన్ని ఎలా వాడుకోవాలో ఈ పాఠంలో ఉంది.

ఒక ఉదాహరణ

గుంటూరు జిల్లాలో మిరప తోటలున్న ఒక ఊరు అనుకోండి. ఆ ఊళ్ళో ఒక తల్లి. మిరపకాయల కోతకు పోయి, వచ్చిన కూలిలో కొంచెం కొంచెం దాచింది. పెద్ద కూతురికి ఏడో నెల. సీమంతానికి పిల్లకు మంచి చీర పెట్టాలని ఆమె ఆశ.

చిన్న కూతురు ఇంటర్ చదువుతుంది. ఫోనులో ఒక చీర చూపించింది. ఎర్రటి చీర. ఒళ్ళంతా తెల్లటి, నల్లటి గళ్ళ పూలు. బొమ్మ కింద "పోచంపల్లి ఇక్కత్ పట్టు చీర, చేనేత" అని రాసి ఉంది. ధర 1,890 రూపాయలు.

ఆ తల్లి రాత్రి బడిలో చదువు నేర్చుకుంది. అక్షరాలు కూడబలుక్కుని తనే చదివింది. "పట్టు" అని ఉంది. "చేనేత" అని ఉంది. ఇంకేం కావాలి? కూతురి చేత డబ్బు కట్టించింది.

ఆరో రోజున పొట్లం వచ్చింది. విప్పి చూసింది. రంగు ఎరుపే. కానీ బట్ట జారిపోతూ ఉంది. చీరను వెనక్కి తిప్పింది. ముందు వైపు ఉన్న పూలు వెనక వైపు సరిగా కనపడలేదు. పైన అచ్చు వేసినట్టు ఉంది. సంచీ మీద చిన్న చీటీ అంటించి ఉంది. దాని మీద "ప్రింటెడ్ ఆర్ట్ సిల్క్" అని ఉంది.

పక్కింటి వదిన వచ్చి చూసింది. "చౌకగా వస్తే ఇట్టాగే ఉంటుంది వదినా. ఇంక ఊరుకో. నలుగురికీ తెలిస్తే నవ్వుతారు" అంది.

"మా ఆయనకు తెలిస్తే ఊరుకోడు. పెట్టె అడుగున పడేస్తాను" అంది ఆ తల్లి. కళ్ళనీళ్ళు తిరిగాయి.

పొదుపు సంఘం లెక్కలు రాసే అక్క అక్కడే ఉంది. ఆమె ఊరుకోలేదు. "నువ్వెందుకమ్మా దాచిపెట్టటం? తప్పు చేసింది నువ్వా? పట్టు అని చెప్పి వేరేది పంపినవాడు సిగ్గుపడాలి. ఆ చీర అట్టాగే ఉంచు. చీటీ పారేయకు. అడుగుదాం" అంది.

ఆ అక్క చెప్పింది నిజం. చాలా ఊళ్ళలో ఇట్లాగే జరుగుతుంది. మోసపోయినవారు సిగ్గుపడి నోరు మూసుకుంటారు. 500 రూపాయలే కదా, 1,000 రూపాయలే కదా అని వదిలేస్తారు. అలా వదిలేసిన ప్రతి రూపాయి తప్పుడు వ్యాపారికి లాభం. అతడు అదే బొమ్మ పెట్టి ఇంకొకరికి అమ్ముతాడు.

పేరులో ఉన్న తేడా

ఇక్కత్ చీర ఎలా తయారవుతుంది? ముందు నూలును లెక్క ప్రకారం కట్టలు కడతారు. రంగు తగలకూడని చోట గట్టిగా చుట్టి కట్టు వేస్తారు. అప్పుడు రంగులో ముంచుతారు. ఒక్కో రంగుకు ఒక్కోసారి కట్టి, ముంచి, విప్పుతారు. ఆ నూలును మగ్గం మీదికి ఎక్కించి నేస్తారు. అంటే పువ్వు నూలులోనే ఉంది. అందుకే నేసిన బట్టలో పువ్వు రెండు వైపులా కనిపిస్తుంది. పువ్వు అంచులు కొంచెం అలికినట్టు ఉంటాయి.

అచ్చు వేసిన బట్ట అలా కాదు. ముందు బట్ట తయారవుతుంది. తర్వాత దాని మీద రంగు అద్దుతారు. ముందు వైపు పువ్వు ముదురుగా ఉంటుంది. వెనక వైపు వెలిసినట్టు ఉంటుంది. చీర తిప్పి చూస్తే చాలావరకు తెలిసిపోతుంది.

ఇక "ఆర్ట్ సిల్క్" అనే మాట. సిల్క్ అంటే పట్టు. కానీ ఆర్ట్ సిల్క్ అంటే పట్టు కాదు. పట్టులాగా మెరిసే వేరే దారం. పట్టు పురుగు గూటి నుంచి తీసింది అసలు పట్టు. యంత్రాల్లో తయారైంది ఆర్ట్ సిల్క్. "పాలీ సిల్క్" అన్నా, "సిల్క్ బ్లెండ్" అన్నా పూర్తి పట్టు కాదు. ఒక్క మాట తేడాతో చీర విలువే మారిపోతుంది. చదువు వచ్చినవారు ఆ ఒక్క మాటను పట్టుకోగలరు.

అసలు పట్టుకు ఒక గుర్తు ఉంది. దాని పేరు సిల్క్ మార్క్. కేంద్ర పట్టు మండలి 2004లో దీన్ని మొదలుపెట్టింది. చేతిమగ్గం మీద నేసిన బట్టలకు 2006లో చేనేత గుర్తు వచ్చింది. దాన్ని హ్యాండ్లూమ్ మార్క్ అంటారు. చీర మంచిదే అయినా గుర్తు లేకపోవచ్చు. కానీ గుర్తు ఉంటే ధైర్యంగా కొనవచ్చు.

చట్టం ఏమంటుంది?

మన దేశంలో 1986లో ఒక చట్టం వచ్చింది. దాని పేరు వినియోగదారుల రక్షణ చట్టం. వినియోగదారు అంటే ఎవరు? తన వాడకం కోసం డబ్బు ఇచ్చి సరుకు కొనే ప్రతి మనిషీ వినియోగదారే. సబ్బు కొన్నా, చీర కొన్నా, మిక్సీ కొన్నా వినియోగదారే.

1986లో ఫోనులో కొనడం లేదు. కాలం మారింది. 2019లో పాత చట్టం స్థానంలో కొత్త చట్టం చేశారు. అది 2020 జూలైలో అమలులోకి వచ్చింది. ఇంటర్నెట్ అమ్మకాల కోసం అదే నెలలో విడిగా నియమాలు పెట్టారు. ఆ నియమాలలో ముఖ్యమైనవి ఇవి.

ఒకటి. ఫోనులో పెట్టిన బొమ్మ, రాసిన వివరం అసలు సరుకుకు సరిపోవాలి. సరుకు రూపం, రకం, నాణ్యత అన్నీ బొమ్మతో, రాతతో కలవాలి. అలా ఉంటాయని అమ్మకందారు రాసి ఇవ్వాలి. ఆ మాట రాయించుకోవలసిన బాధ్యత అమ్మకం జరిపించే కంపెనీది.

రెండు. ప్రకటనలో చెప్పినట్టు సరుకు లేకపోతే అమ్మకందారు దాన్ని వెనక్కి తీసుకోవాలి. డబ్బు తిరిగి ఇవ్వాలి. ఇవ్వను అనకూడదు. సరుకు చెడిపోయి ఉన్నా, నకిలీది అయినా ఇదే నియమం. చెప్పిన రోజు దాటి బాగా ఆలస్యంగా వచ్చినా ఇదే నియమం. వరద వంటి ఎవరి చేతిలోనూ లేని కారణంతో ఆలస్యం అయితే మాత్రం వేరు.

మూడు. అమ్మకందారు పేరు, చిరునామా, మాట్లాడటానికి నంబరు కొనేవారికి కనిపించేలా పెట్టాలి. వాపసు ఎలా, డబ్బు తిరిగి ఎలా వస్తుంది అనే వివరం కూడా పెట్టాలి.

నాలుగు. ప్రతి కంపెనీలో ఫిర్యాదులు వినే అధికారి ఉండాలి. ఆ అధికారి పేరు, నంబరు బయట పెట్టాలి. ఫిర్యాదు అందిందని 48 గంటల లోపల చెప్పాలి. ఒక నెల లోపల పరిష్కరించాలి. ఫిర్యాదుకు ఒక నంబరు ఇవ్వాలి.

అయిదు. సరుకు బాగుందని అమ్మకందారు తానే కొన్నవాడిలాగా రాసుకోకూడదు. దొంగ మెచ్చుకోళ్ళు రాసుకోవటం నియమాలకు విరుద్ధం. అందుకే నక్షత్రాలు చూసి మాత్రమే నమ్మకూడదు. కొన్నవారు తీసి పెట్టిన ఫొటోలు చూడాలి. తక్కువ నక్షత్రాలు ఇచ్చినవారు ఏం రాశారో చదవాలి.

అమ్మకందారు చెప్పే సాకులు

"తక్కువ ధరకే ఇచ్చాం కదా" అంటారు. ధర తక్కువ అయినంత మాత్రాన అబద్ధం నిజం కాదు. 1,890 రూపాయలకు ఆర్ట్ సిల్క్ చీర అమ్మాలంటే ఆర్ట్ సిల్క్ అనే రాయాలి. పట్టు అని రాస్తే పట్టే పంపాలి.

"వాపసు లేదు అని ముందే రాశాం" అంటారు. చెప్పిన సరుకు పంపినప్పుడు ఆ మాట పనికి రావచ్చు. ఒకటి చూపించి ఇంకొకటి పంపినప్పుడు ఆ మాట చెల్లదు.

"మేము మధ్యవాళ్ళం మాత్రమే. అమ్మినవాణ్ణి అడగండి" అని కంపెనీ అంటుంది. అమ్మినవాడు ఎవరో, ఎక్కడ ఉన్నాడో చెప్పవలసింది ఆ కంపెనీయే. ఫిర్యాదు తీసుకుని నంబరు ఇవ్వవలసింది కూడా ఆ కంపెనీయే.

అయితే ఒక సంగతి గుర్తుంచుకోవాలి. ప్రతి తేడా మోసం కాదు. ఫోను తెర వెలుగును బట్టి రంగు కొంచెం ముదురుగానో, లేతగానో కనిపిస్తుంది. ముదురు ఎరుపు అనుకుంటే కొంచెం లేత ఎరుపు రావచ్చు. ఎరుపు అడిగితే పచ్చది వస్తే అది తప్పు. చీర బొమ్మలో ఉన్నట్టే వచ్చింది, కానీ ఇంట్లో ఎవరికీ నచ్చలేదు. అప్పుడు తిరిగి ఇవ్వవచ్చా? అది ఆ అమ్మకందారు పెట్టుకున్న పద్ధతిని బట్టి ఉంటుంది. చట్టం బలం ఉన్నది చెప్పిన మాటకు, వచ్చిన సరుకుకు తేడా ఉన్నప్పుడే.

కొనే ముందు, పొట్లం వచ్చాక

హక్కు ఉంటే చాలదు. రుజువు కూడా కావాలి. కాగితం మీద ఉన్నది, ఫొటోలో ఉన్నది రుజువు. నోటి మాట గాలికి పోతుంది.

కొనే ముందు బొమ్మను, దాని కింది రాతను ఫోనులో దాచుకోవాలి. దాన్ని స్క్రీన్‌షాట్ అంటారు. తెర మీద ఉన్నది ఉన్నట్టుగా ఫొటో తీయటమే స్క్రీన్‌షాట్. ఇంట్లో పిల్లలకు ఇది బాగా తెలుసు. గొడవ వచ్చాక అమ్మకందారు బొమ్మ మార్చేయవచ్చు. దాచుకున్న బొమ్మ మారదు.

చిన్న అక్షరాలు కూడా చదవాలి. పైన పెద్ద అక్షరాలలో "పట్టు" అని ఉంటుంది. కింద వివరాలలో "ఆర్ట్ సిల్క్" అని ఉండవచ్చు. రెండూ కలవకపోతే ఆ సరుకు కొనకపోవటమే మంచిది. గిన్నెలు, కుర్చీలు వంటివి కొంటే కొలతలు చదవాలి. బొమ్మలో పెద్దగా కనిపించిన గిన్నె చేతికి వచ్చేసరికి చిన్నది కావచ్చు. ఎన్ని అంగుళాలో, ఎన్ని లీటర్లో రాతలో చూసుకోవాలి.

పొట్లం రాగానే విప్పాలి. తర్వాత చూద్దాంలే అని అటక మీద పెట్టకూడదు. వాపసు అడగటానికి కంపెనీలు కొన్ని రోజులే గడువు పెడతాయి. గడువు లోపల అడిగితే పని తేలిక.

విప్పేటప్పుడు ఒకరు విప్పాలి, ఒకరు ఫోనులో వీడియో తీయాలి. పొట్లం మీద పేరు, చిరునామా కనపడాలి. ముడి విప్పటం దగ్గర నుంచి సరుకు బయటకు తీసేదాకా ఆపకుండా తీయాలి. "మేం పంపింది ఇది కాదు" అని అవతలివారు అనకుండా ఈ వీడియో కాపాడుతుంది.

తేడా కనిపిస్తే సరుకును వాడకూడదు. చీర అయితే ఉతకకూడదు. ఫాల్ కుట్టించకూడదు. చీటీలు కత్తిరించకూడదు. పట్టో కాదో చూద్దామని దారం లాగి కాల్చకూడదు. అలా చేస్తే సరుకును పాడుచేశారని అంటారు. పెట్టె, సంచీ, బిల్లు అన్నీ దాచి ఉంచాలి.

ఎవరిని అడగాలి? ఎలా అడగాలి?

అడగటానికి నాలుగు మెట్లు ఉన్నాయి. ఒక మెట్టు మీద పని కాకపోతే తర్వాతి మెట్టు ఎక్కాలి.

మొదటి మెట్టు: కొన్న చోటే అడగటం. ఫోనులో ఆ కంపెనీ యాప్ తెరవాలి. కొన్న సరుకుల పట్టీలో చీరను వెతికి "వాపసు" అని ఉన్నచోట నొక్కాలి. కారణం అడుగుతుంది. "బొమ్మలో ఉన్నట్టు లేదు" అనే కారణం ఎంచుకోవాలి. "నచ్చలేదు" అని ఎంచుకోకూడదు. ఆ రెండు మాటలకూ చాలా తేడా ఉంది. ఫొటోలు కూడా జత చేయాలి.

రెండో మెట్టు: ఫిర్యాదుల అధికారికి రాయటం. అమ్మకందారు ఒప్పుకోకపోతే కంపెనీ ఫిర్యాదుల అధికారికి రాయాలి. వచ్చిన ఫిర్యాదు నంబరును పుస్తకంలో రాసి పెట్టుకోవాలి. తేదీ కూడా రాయాలి.

మూడో మెట్టు: 1915కు ఫోను చేయటం. ఇది జాతీయ వినియోగదారుల సహాయ నంబరు. ఈ నాలుగు అంకెలు ఇంటి గోడ మీద రాసి పెట్టుకోదగ్గవి. తెలుగులో మాట్లాడవచ్చు. జాతీయ సెలవు రోజులు తప్ప అన్ని రోజులూ ఉదయం 8 గంటల నుంచి రాత్రి 8 గంటల దాకా పలుకుతారు. 8800001915 నంబరుకు వాట్సాప్‌లో కూడా రాయవచ్చు. వాళ్ళు తీర్పు చెప్పరు. ఫిర్యాదును కంపెనీకి పంపి జవాబు అడుగుతారు. చాలా తగాదాలు ఇక్కడే తీరిపోతాయి.

నాలుగో మెట్టు: జిల్లా వినియోగదారుల కమిషన్. దీన్ని పూర్వం ఫోరం అనేవారు. ఇది వినియోగదారుల కోర్టు. కొన్న సరుకు విలువ 5 లక్షల రూపాయల దాకా అయితే ఇక్కడ ఫీజు లేదు. వకీలు తప్పనిసరి కాదు. ఎవరి కేసు వారే చెప్పుకోవచ్చు. కంపెనీ ఢిల్లీలో ఉన్నా, బెంగుళూరులో ఉన్నా అక్కడికి పోనక్కరలేదు. కొన్నవారు ఉండే జిల్లాలోనే కేసు వేయవచ్చు. జరిగిన రోజు నుంచి 2 సంవత్సరాల లోపల వేయాలి. డబ్బు తిరిగి ఇమ్మని, నష్టానికి పరిహారం ఇమ్మని కమిషన్ ఆజ్ఞ వేయగలదు.

ఇదీ కాక, ఢిల్లీలో కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ ఉంది. 2020లో ఏర్పడింది. ఒకే దొంగ ప్రకటనతో చాలామందిని మోసం చేస్తే ఈ సంస్థ ఆ ప్రకటనను ఆపించగలదు. మొదటిసారి తప్పుకు 10 లక్షల రూపాయల దాకా జరిమానా వేయగలదు.

గుంటూరు జిల్లా తల్లి సంగతి ఏమైంది? ఆమె మొదటి మెట్టు ఎక్కింది. "సరుకు సరిగ్గానే ఉంది, వాపసు కుదరదు" అని జవాబు వచ్చింది. వెనక్కి తగ్గలేదు. రెండో మెట్టు ఎక్కింది. సంఘం అక్క చెబుతుంటే తనే కాగితం మీద రాసింది. దాన్ని ఫొటో తీసి చిన్న కూతురు పంపింది. ఆమె రాసిన ఉత్తరం ఇది.

ఫిర్యాదుల అధికారి గారికి,

అయ్యా,

నేను మీ దగ్గర ఒక చీర కొన్నాను. 1,890 రూపాయలు కట్టాను. మీ బొమ్మ కింద పోచంపల్లి ఇక్కత్ పట్టు చీర, చేనేత అని రాసి ఉంది. నాకు వచ్చిన చీర పట్టు కాదు. సంచీ మీది చీటీలో ప్రింటెడ్ ఆర్ట్ సిల్క్ అని ఉంది. పువ్వు ఒక వైపే ఉంది. అచ్చు వేసినది. మీ బొమ్మ, చీటీ, చీర రెండు వైపుల ఫొటోలు పంపుతున్నాను. చీర కట్టలేదు, ఉతకలేదు. చీర తీసుకుని నా డబ్బు నాకు తిరిగి ఇవ్వండి. నా ఆర్డరు నంబరు, ఫోను నంబరు కింద రాశాను.

ఇట్లు,
సంతకం

ఈ ఉత్తరంలో తిట్లు లేవు. బతిమాలటం లేదు. ఏం కొన్నారు, ఎంత కట్టారు, ఏం చెప్పారు, ఏం వచ్చింది, ఏం కావాలి అనే అయిదు సంగతులు ఉన్నాయి. ఏ ఫిర్యాదుకైనా ఈ అయిదు చాలు.

48 గంటల లోపల ఫిర్యాదు నంబరు వచ్చింది. కానీ రెండు వారాలు గడిచినా డబ్బు రాలేదు. అప్పుడు ఆమె 1915కు ఫోను చేసింది. ఆ నంబరు చదివి చెప్పింది. తర్వాత కొన్ని రోజులకు మనిషి వచ్చి చీర తీసుకుపోయాడు. ఇచ్చేటప్పుడు ఆమె చీరను ఫొటో తీయించింది, రసీదు అడిగి తీసుకుంది. 1,890 రూపాయలు బ్యాంకు ఖాతాలో పడ్డాయి.

ఆ డబ్బుకు పోచంపల్లి పట్టు చీర రాదని ఆమెకు ఇప్పుడు తెలుసు. మంగళగిరి పోయి నూలు చీర కొన్నది. మడత విప్పించి, రెండు వైపులా తిప్పి చూసి మరీ కొన్నది. సీమంతానికి పిల్ల అదే కట్టుకుంది.

జాగ్రత్త: వాపసు పేరుతో ఇంకో మోసం

డబ్బు తిరిగి రావాలని ఎదురు చూసేవారిని దొంగలు కనిపెడతారు. "కంపెనీ నుంచి మాట్లాడుతున్నాం, మీ డబ్బు వేస్తాం" అని ఫోను చేస్తారు. ఇంటర్నెట్‌లో వెతికితే దొరికే కంపెనీ నంబర్లలో కూడా దొంగ నంబర్లు ఉంటాయి. కంపెనీ నంబరును ఆ కంపెనీ యాప్‌లోనే చూసుకోవాలి.

డబ్బు రావటానికి యూపీఐ పిన్ నొక్కనక్కరలేదు. పిన్ నొక్కేది డబ్బు ఇచ్చేటప్పుడే. "ఈ క్యూఆర్ కోడ్ స్కాన్ చేయండి, డబ్బు వస్తుంది" అంటే అది మోసం. స్కాన్ చేసి పిన్ నొక్కితే డబ్బు పోతుంది. బ్యాంకు నుంచి వచ్చే ఓటీపీ అంకెలు ఎవరికీ చెప్పకూడదు. పొరపాటున డబ్బు పోతే ఆలస్యం చేయకుండా 1930కి ఫోను చేయాలి. అది ఫోను, ఇంటర్నెట్ మోసాల సహాయ నంబరు. ఎంత త్వరగా చెబితే డబ్బు ఆపటానికి అంత వీలు ఉంటుంది.

కొందరు పేరు, ఊరు లేకుండా ఫోనులో బొమ్మలు మాత్రం పెట్టి అమ్ముతారు. "ముందు డబ్బు వేయండి, చీర పంపిస్తాం" అంటారు. వాళ్ళకు కూడా చట్టం ఉంది. కానీ చిరునామా తెలియనివాణ్ణి పట్టుకోవటం కష్టం. బిల్లు ఇవ్వనివారి దగ్గర, చిరునామా చెప్పనివారి దగ్గర ముందుగా డబ్బు కట్టకూడదు.

చేతికి అందిన ఆయుధం

ఒకప్పుడు ఊళ్ళో వ్యాపారి కాగితం మీద ఏం రాసినా వేలిముద్ర వేయించుకునేవాడు. అందులో ఏముందో తెలిసేది కాదు. ఇప్పుడు వ్యాపారి ఊళ్ళో లేడు, ఫోనులో ఉన్నాడు. కాగితం పోయి తెర వచ్చింది. రాత మాత్రం అలాగే ఉంది. ఆ రాత చదివేవారిని మోసం చేయటం కష్టం. చదివి, దాచి, తిరిగి రాసి అడిగేవారిని మోసం చేయటం ఇంకా కష్టం.

ఒక్కరు అడిగితే ఒక చీర డబ్బు తిరిగి వస్తుంది. సంఘంలో పది మంది అడగటం నేర్చుకుంటే ఆ ఊరికి దొంగ సరుకు రావటం తగ్గుతుంది.

గుర్తుంచుకోండి

బొమ్మ కూడా మాటే. దాన్ని దాచుకోండి.
పొట్లం విప్పేటప్పుడు వీడియో తీయండి.
తేడా ఉంటే వాడకండి, ఉతకకండి, చీటీ తీయకండి.
ఫిర్యాదు నంబరు, తేదీ రాసి పెట్టుకోండి.
సరుకు తగాదాకు 1915. డబ్బు మోసానికి 1930.

చెప్పండి, రాయండి

1. పట్టుకు, ఆర్ట్ సిల్క్‌కు తేడా ఏమిటి?
2. ఫిర్యాదు అందిందని కంపెనీ ఎన్ని గంటల లోపల చెప్పాలి?
3. "నచ్చలేదు" అనే మాటకు, "బొమ్మలో ఉన్నట్టు లేదు" అనే మాటకు తేడా ఏమిటి?
4. డబ్బు రావటానికి పిన్ నొక్కాలా? ఎందుకు?
5. మీ ఇంట్లో ఇలా తేడాగా వచ్చిన సరుకు ఏదైనా ఉందా? ఉంటే అయిదు సంగతులతో ఒక ఉత్తరం రాయండి. సంఘంలో చదివి వినిపించండి.